లీవు మెయిల్లో ‘జ్వరం’

డిప్రెషన్‌తో లేవలేకపోయిన రోజున చాలామంది లీవు మెయిల్లో ‘జ్వరం’ అని రాస్తారు. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు.

జ్వరమొస్తే ఆకలి చచ్చిపోతుంది, ఒళ్లు బరువెక్కుతుంది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్లు మెదడు మీద చేసే పని అది. తీవ్ర డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సైటోకైన్లు సగటున ఎక్కువగానే కనిపిస్తున్నాయి. సుమారు నాలుగో వంతు మందికి రక్తంలో వాపు సూచిక అయిన సీఆర్‌పీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ అనే సైటోకైన్ ఇంజెక్షన్లు ఇచ్చిన రోజుల్లో, అప్పటిదాకా కులాసాగా ఉన్నవాళ్లు కూడా ఎందరో డిప్రెషన్‌లో పడ్డారు.

ఇంకోపక్క, వైరస్ సోకిన కణాలను మట్టుబెట్టే నేచురల్ కిల్లర్ కణాలు డిప్రెషన్ ఉన్న చాలామందిలో మందగిస్తాయి. అంటే ఒకవైపు అతి, ఇంకోవైపు కొరత. మరి ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడి దేన్ని పెంచుతుందట? ఆ డబ్బు డాక్టరు ఫీజుకు దాచుకోండి.

ఒళ్లునొప్పులు ఒక డాక్టరుకీ, నిద్రలేమి ఇంకొకరికీ చెప్పి ఊరుకోకండి. ఇద్దరికీ రెండూ చెప్పండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 చూడమని అడగండి. సీఆర్‌పీ మాత్రం సొంతంగా చేయించుకోవద్దు. చిగుళ్ల వాపున్నా, బరువెక్కువున్నా అది పెరుగుతుంది. వాపు తగ్గిస్తే దిగులు తగ్గుతుందన్న లెక్కా అంత సులువుగా తేలలేదు. అమెరికాలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే వాపు తగ్గించే మందుతో డిప్రెషన్ ఉన్నవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. మొత్తంమీద అది ఉత్తుత్తి మందును మించలేదు, సీఆర్‌పీ బాగా ఎక్కువున్నవాళ్లకే కాస్త మేలు కనిపించింది. పైగా డిప్రెషన్‌కిచ్చే ఎస్ఎస్ఆర్ఐ రకం మాత్రలు వాడుతూ, వాపు తగ్గించే ఐబుప్రొఫెన్ కలిపితే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

మేనేజరుకు జబ్బు పేరు చెప్పితీరాలని లేదు. “సార్, ట్రీట్‌మెంట్‌లో ఉన్నాను. డాక్టరు నిద్రవేళలు మార్చొద్దన్నారు. ఆరు వారాలు నైట్ షిఫ్టు తప్పిస్తారా?” అంటే చాలు. అందులో గొంతు తగ్గించాల్సిందేమీ లేదు, నిద్ర చెడితే వాపు సూచికలూ పెరుగుతాయి. డాక్టరు చీటీ జతచేస్తే మాట గట్టిపడుతుంది.

ఈఎస్ఐ ఉన్నవాళ్లు, చందా రోజులు సరిపోతే, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం జీతం పొందొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికే ఓపిక లేని రోజున టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లను లేపి, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి. లీవు సంగతి తెల్లారాక చూసుకోవచ్చు.