అర్పా ఒడ్డు నుంచి డాల్ఫిన్ల లెక్క

ఈ ఎండాకాలంలో మా శాఖలోని ఒక సహోద్యోగి పర్సనల్ లోన్ గురించి అడగడానికి వచ్చారు. వాళ్ళమ్మాయి బీఎస్సీ జువాలజీ రెండో ఏడు చదువుతోంది. విదేశంలో రెండు వారాలు "డాల్ఫిన్ వాలంటీరు"గా పనిచేస్తానంటోంది. రుసుము కట్టాలి, విమానం టికెట్టు, వీసా ఖర్చులు వేరే. అర్హత ప్రకారం లోను రాకపోవడమంటూ లేదు. అయినా ముందు ఆ కరపత్రం చూపించమన్నాను. మొదటి పేజీలోనే ఒక కుర్రాడు డాల్ఫిన్‌ని కౌగిలించుకున్న ఫొటో ఉంది.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. అడవి జంతువు మీద నిజంగా పరిశోధన చేసేవాళ్ళు దాన్ని కౌగిలించుకోరు, వీలైనంత దూరంగా ఉంటారు. ప్రభుత్వ అనుమతి ఎవరి పేరున ఉంది? పిల్లలు రాసిన లెక్కలు చివరికి ఏ శాస్త్రవేత్త దగ్గరకి చేరతాయి? ఈ రెండింటికీ ఆ కాగితంలో జవాబు లేదు. లోను సంగతి అంతటితో ఆగింది. ఆ తర్వాత ఆ అమ్మాయికి ఆదివారాలు కూర్చోబెట్టి చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. మన సిబ్బంది ఇళ్ళలో ఇలాంటి ఉత్సాహం ఉన్న పిల్లలు ఇంకా ఉంటారు.

"బిలాస్‌పూర్‌లో ఉండి సముద్రం సంగతి మనకెందుకు అంకుల్?" అని ఆ అమ్మాయి అడిగింది. మ్యాపు తీసి చూపించాను. మన ఊళ్ళో పారే అర్పా నది శివనాథ్‌లో కలుస్తుంది. శివనాథ్ మహానదిలో కలుస్తుంది. కటక్ దగ్గర మహానది పాయలుగా చీలుతుంది. వాటిలో దయా, భార్గవి వంటి పాయల నీళ్ళు చిలికా సరస్సులోకి వెళ్తాయి. రైల్వే కాలనీ పక్కన మనం అర్పాలో పారేసే ప్లాస్టిక్ సంచి వెళ్ళే దారీ అదే. ఆ చిలికాలోనే ఇరావడి డాల్ఫిన్లు ఉన్నాయి.

ఈ జంతువు కథలో తెలుగువాళ్ళు తెలుసుకోవలసిన ముక్క ఒకటుంది. ఇరావడి బర్మాలోని నది కాబట్టి ఇది బర్మా జంతువనుకుంటాం. కానీ శాస్త్రానికి దీన్ని పరిచయం చేసిన నమూనా 1852లో మన విశాఖపట్నం రేవులో దొరికింది. దాన్ని సంపాదించినవాడు వాల్టర్ ఇలియట్ అనే దొర. అమరావతి స్తూపం దగ్గర తవ్వించి, ఆ శిల్పాలను మద్రాసుకి పంపినవాడు ఈయనే. ఇలియట్ పంపిన నమూనాలనూ, బొమ్మలనూ చూసి లండన్‌లో రిచర్డ్ ఓవెన్ 1866లో వర్ణన అచ్చువేశాడు. అదే వ్యాసంలో విశాఖ తీరం నుంచి వెళ్ళిన మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలం కూడా ఉంది. ఇంకో డాల్ఫిన్‌కి ఓవెన్ "గడము" అని పేరు పెట్టాడు. అది మన జాలరుల నోటి మాట. ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళి వచ్చింది కాబట్టి అసలు పలుకు గడమో, గాడమో మరి! ఆ పేరు తర్వాత నిలవలేదు. నా దృష్టిలో మాత్రం ఆ జంతువులను ఒడ్డుకు చేర్చి, పేర్లు చెప్పిన జాలరులే మన తీరంలో తొలి వాలంటీర్లు.

ఇరావడి డాల్ఫిన్‌కి ముక్కులాంటి మూతి ఉండదు, తల గుండ్రంగా ఉంటుంది. గాల్లోకి ఎగిరి విన్యాసాలు చేసేది తక్కువ. నెమ్మదిగా తేలి, ఊపిరి పీల్చుకుని మునిగిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి ఇది. చిలికాలో ఇటీవలి గణనల్లో వీటి సంఖ్య 150కి అటూ ఇటూగా ఉంటోంది. సరస్సు మాత్రం వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఇంత తక్కువ ఉన్నచోట నాలుగైదు చనిపోయినా పెద్ద దెబ్బే. చేపల వలల్లో చిక్కుకోవడం, మోటారు పడవలు తగలడం వీటికి ముఖ్యమైన ముప్పులు. మేము ఎల్‌ఎఫ్‌సీలో సాతపడా వెళ్ళినప్పుడు ఒక్క డాల్ఫిన్ తేలగానే చుట్టూ అయిదారు పడవలు మూగాయి. మా పడవవాడిని ఇంజను ఆపమన్నాను. ఆపాక మరో రెండు కనిపించాయి.

ఇక వాలంటీరు చేసే పని. ఇది మన కౌంటరు పనికి చాలా దగ్గర. పడవలో ఒక్కొక్కరికి ఒక్కో వైపు అప్పగిస్తారు. మీ వైపే చూడాలి. కనిపించిన సమయం, చోటు, ఎంత దూరంలో ఉంది, ఎన్ని, పిల్లలున్నాయా అన్నవి రాయాలి. గంటసేపు చూసినా ఏమీ కనబడకపోతే అదీ రాయాలి. నిల్ స్టేట్‌మెంటు పంపకపోతే పై ఆఫీసు ఊరుకోదు కదా, ఇదీ అంతే. ఎంతసేపు వెతికారో తెలియకపోతే, కనిపించిన సంఖ్యకు అర్థం లేదు. ఫొటోలు తీసేది వీపు మీది రెక్క కోసం. దాని అంచున ఉన్న గాట్లు, మచ్చలు ఒక్కో జంతువుకి ఒక్కో రకం. మనం స్పెసిమెన్ సంతకంతో చెక్కు సరిచూసినట్టు, పాత ఫొటోలతో పోల్చి ఫలానాదే మళ్ళీ వచ్చిందని తేలుస్తారు. ఈ పోల్చే పని కంప్యూటరు ముందు కూర్చుని చేసేదే. దానికి సముద్రపు ఒడ్డున ఉండక్కర్లేదు.

మన తీరంలో కనబడిన, ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్ర క్షీరదాల వివరాలను మెరైన్ మ్యామల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా పోగుచేస్తుంది. మామూలు మనుషులు కూడా వివరాలు పంపవచ్చు. చదవడానికి కుమరన్ సదాశివం రాసిన భారతదేశ సముద్ర క్షీరదాల పుస్తకం ఉంది, హైదరాబాదులోనే అచ్చయింది. చిలికా గణనకి మాత్రం ఎవరికి వారు వెళ్ళి పడవెక్కే వీలు లేదు. కాలేజీ విభాగం ద్వారా ఒడిశా అటవీ శాఖకో, చిలికా అభివృద్ధి సంస్థకో ముందుగా రాసి అడగాలి. ఈలోగా బిలాస్‌పూర్ దగ్గరి కోప్రా జలాశయంలో బాతులు లెక్కపెట్టడం మంచి సాధన. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి పోల్చుకుంటే తమ కన్ను ఎంత నమ్మదగిందో పిల్లలకే తెలుస్తుంది.

సెలవులకి విశాఖ, శ్రీకాకుళం వైపు వెళ్ళే కుటుంబాలు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఒడ్డున ప్రాణంతో ఉన్న డాల్ఫిన్ కనబడితే తోక పట్టి నీళ్ళలోకి లాగకండి, ఎముకలు బెణుకుతాయి. నెత్తి మీది రంధ్రమే దాని ముక్కు. అందులో నీళ్ళూ ఇసుకా పడనివ్వకండి. ఒంటి మీద తడిగుడ్డ కప్పి నీడ పట్టండి, జనాన్ని దూరంగా ఉంచండి, అటవీ శాఖకి కబురు పంపండి. నంబరు తెలియకపోతే 112కి చేయండి. చనిపోయి ఉంటే ముట్టుకోవద్దు, జబ్బులు అంటుకోవచ్చు. పక్క నుంచి మొత్తం శరీరం, తల, రెక్క, తోక విడివిడిగా ఫొటోలు తీయండి. కొలత తెలిసేలా పక్కన చెప్పు పెట్టినా చాలు. పొడవు కొలిచేది పై దవడ కొస నుంచి తోక మధ్య గాటు దాకా, తిన్నగా. ఒంటి వంపు వెంట టేపు పరిస్తే లెక్క తప్పుతుంది.

మన పిల్లలకి ఇంకో సౌకర్యం ఉంది, భాష. పురీలోని పెంటకోటలోనూ, గంజాం తీరంలోనూ తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వలలో ఏం చిక్కింది, ఎప్పుడు, ఎక్కడ అని వాళ్ళను అడిగి రాసుకోవడం కూడా ఈ పరిశోధనలో భాగమే. చట్టం భయంతో కొత్తవాళ్ళకి చెప్పని సంగతి "ఏం బాబాయ్, వేట ఎలా ఉంది?" అని పలకరించిన తెలుగు పిల్లకి చెప్పవచ్చు. అలా చెప్పిన మనిషి పేరు మాత్రం కాగితం మీద రాయకూడదు. కోర్బా నుంచి విశాఖ వెళ్ళే బండీ, పురీ వెళ్ళే ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్సూ రెండూ బిలాస్‌పూర్ మీదుగానే వెళ్తాయి.