వరి పొలంలో కుదరని శక్తి లెక్క

నికర వికిరణం నుండి నేలలోకి పోయే ఉష్ణాన్ని తీసివేయగా మిగిలినది, గాలిని వేడిచేసే ఉష్ణం, నీటిని ఆవిరిచేసే గుప్తోష్ణాల మొత్తానికి సమానం కావాలి. ఎడ్డీ కోవేరియన్స్ కొలతలలో ఈ మొత్తం సాధారణంగా 10–30 శాతం తక్కువగా వస్తుంది.

రామగుండం, గోదావరిఖని పరిసరాలలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిదిబ్బలు, తడి వరి పొలాలు దగ్గరదగ్గరగా ఉన్నందున రెండు కారణాలను ముఖ్యంగా పరిశీలించాలి. ఒకటి, నిలువనీరు: 5 సెం.మీ. నీరు గంటకు 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే చదరపు మీటరుకు సుమారు 58 వాట్లు అందులోనే నిలుస్తాయి; రాత్రి తిరిగి వెలువడతాయి. రెండు, పొడి దిబ్బల మీదుగా పొలంపైకి వీచే వేడిగాలి. ఈ అడ్డప్రవాహం ఒక్క టవరు కొలతకు అందదు.

వీటిని గమనించక లోటునంతా గుప్తోష్ణానికే కలిపితే, పైరు నీటి అవసరాన్ని ఎక్కువగా అంచనా వేసి రైతుకు తప్పు సలహా ఇచ్చినవారమవుతాము. కావున మోడల్‌ను సరిదిద్దే ముందు నీటి లోతును, ఉష్ణోగ్రతను కొలిచి, గాలి దిశను బట్టి కొలతలను వేరుచేయాలి.