ఎర్రమట్టి బాటలపై సైకిలు ప్రయాణము

ఖరగ్‌పూరు పట్టణమందలి మలంచా వీధులలో ఉదయము ఆరు గంటల వేళ నిలుచున్నచో తెలుగు మాట చెవిని పడక మానదు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఇరువదవ శతాబ్దారంభమున ఇచ్చట కర్మాగారమును నడపనారంభించిన నాటి నుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు పనికై వచ్చి, తరతరములుగా ఇచ్చటనే స్థిరపడిపోయిరి. తొలి తరములవారిలో పెక్కుమందికి సైకిలే వాహనము. పనికి పోవుటయు, గోల్‌బజారునకు పోయి కూరలు తెచ్చుటయు, బంధువుల ఇంటికి పోవుటయు దానిపైననే. నేడు ఆ సైకిలు పెరటిలో త్రుప్పు పట్టుచున్నది. మనుమడు రెండు వీధుల అవతలనున్న అంగడికి మోటారు సైకిలుపై పోవుచున్నాడు. ఆ ఇంటి అలమరలోనే రక్తపు పోటు మాత్రలు, మధుమేహపు మాత్రలు ప్రక్కప్రక్కన ఉన్నవి. ఈ రెండు సంగతులకును గల సంబంధమును చెప్పుటకే ఈ పాఠము వ్రాయబడినది.

ప్రపంచారోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము వయోజనులు వారమునకు 150 నుండి 300 నిమిషముల వరకు మధ్యరకపు శ్రమ గాని, 75 నుండి 150 నిమిషముల వరకు తీవ్రమైన శ్రమ గాని చేయవలెను. మధ్యరకపు శ్రమ యనగా నేమి? దానిని కొలుచుటకు యంత్రము అక్కరలేదు. తొక్కుచు ప్రక్కవానితో మాటలాడగలుగుదురు గాని పద్యమును రాగమెత్తి పాడలేరు, అది మధ్యరకము. రెండు మాటలకే ఊపిరి అందకున్నచో అది తీవ్రము. వారమున ఐదు దినములు అరగంట చొప్పున తొక్కినను మొదటి లెక్క పూర్తియగును.

సమతలమున తొక్కుట కంటె ఎత్తుపల్లముల నేలపై తొక్కుట మేలని చెప్పుటకు కారణము కలదు. సమతలమున చక్రము ఒకసారి కదలిన పిమ్మట శ్రమ యంతయు గాలిని, నేల రాపిడిని గెలుచుటకే సరిపోవును. ఎత్తునకు ఎక్కునపుడు మన బరువును, సైకిలు బరువును పైకి మోయవలెను. మనిషియు సైకిలును కలిసి 85 కిలోలనుకొనుడు. 100 మీటర్ల ఎత్తు ఎక్కుటకు చేయవలసిన పని సుమారు 83 కిలోజౌళ్లు, అనగా 20 కిలోకాలరీలు. కాని తాను ఖర్చు చేయు శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతును మాత్రమే శరీరము పనిగా మార్చగలదు. కావున ఆ ఎత్తునకు 80 కిలోకాలరీలకు తక్కువ గాకుండ ఖర్చగును. తక్కినది వేడియై చెమటగా పోవును. ఎక్కునపుడు గుండె వేగము హెచ్చును, దిగునపుడు తగ్గును. ఈ హెచ్చుతగ్గులే గుండెకు సాధన.

ఇక మార్గముల సంగతి. శ్రీకాకుళము, విశాఖపట్టణముల మీదుగా చెన్నైకి పోవు 16వ సంఖ్య జాతీయ రహదారి ఈ పట్టణము ప్రక్కగనే పోవుచున్నది. 49, 14 సంఖ్యల రహదారులును ఇచ్చటనే కలియుచున్నవి. సొంత ఊరికి పోవు దారి గదా యని మమకారము కలుగవచ్చును గాని, లారీలు నిండిన ఆ రహదారులు సైకిలుకు తగినవి కావు. వానిని విడిచి గ్రామముల బాటలు పట్టవలెను.

క్రొత్తగా మొదలిడువారు హిజ్లీ వైపు పోవుట మంచిది. 1931లో నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై కాల్పులు జరిగిన హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనముననే 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైనది. ఆ ప్రాంగణమును దాటి గోపాలి, సలువా గ్రామముల వైపు పోయినచో పట్టణపు రొద తగ్గి, ఎర్రని నేల, సాలవృక్షములు కనిపించును. మన ప్రాంతమున గుగ్గిలపు చెట్టు అనునది ఈ సాలవృక్షమే. నేల అలలవలె లేచి పడుచుండును గాని గట్టి ఎత్తు ఎచ్చటను ఉండదు. మొదటి నెల రోజులు ఇంతకు మించి పోనక్కరలేదు.

నిజమైన కొండదారి కావలెనన్న రైలు ఎక్కవలసినదే. టాటానగరు దారిలో కలాయికుండ, ఖేమాశులి, సర్దిహా దాటిన పిమ్మట ఝాడ్‌గ్రామ్ స్టేషను వచ్చును. 2017లో ఇది ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. సైకిలును బండిలో తీసికొనిపోవుటకు ముందుగనే పార్సెలు కార్యాలయమున విచారించుట మంచిది. ఝాడ్‌గ్రామ్ నుండి దహిజురి, బిన్‌పూర్, శిల్దా మీదుగా బేల్‌పహాడి సుమారు 40 కిలోమీటర్లు. అచ్చటివరకు దారి పెద్దది, బస్సులు తిరుగును. బేల్‌పహాడి దాటిన పిమ్మటనే ప్రశాంతమైన బాటలు మొదలగును. రాళ్ల నడుమ నీరు దుముకు ఘాగ్రా, ఖందారాణి చెరువు, గాడ్రాసిని కొండ, ఇంకను లోపలికి ఝార్ఖండు సరిహద్దు దగ్గరి కాంక్రాఝోర్ అడవి, ఇవన్నియు ఈ వైపున ఉన్నవి. అరకులోయవలె ఇది మూడు వేల అడుగుల ఎత్తున లేదు. ఇవి చిన్న కొండలు. దారి పొడవున సాలవృక్షములు, ఇప్పచెట్లు, ఫాల్గుణమున పూచిన మోదుగలు. గ్రామములలో సంతాలీలు, ముండాలు నివసింతురు. బడిపిల్లలు యూనిఫారములతో సైకిళ్లపై ఎదురగుదురు. 2015లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము ప్రారంభించిన సబుజ్ సాథీ పథకమున తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు చదువువారికి సైకిళ్లు ఇచ్చుచున్నారు. ఆ పిల్లలు గేరులు లేని సైకిళ్లపై ఎక్కు మిట్టలను చూచి పెద్దలు సిగ్గుపడనవసరము లేదు, దిగి నడిపించుకొని పోవచ్చును. మిట్టపై దిగి నడచుట ఓటమి కాదు.

గేరు అను మాటకు దంతచక్రమని వ్రాయవచ్చును. కాని మరమ్మతు దుకాణమున ఆ మాట అడిగినచో ఎవరును ఏమియు ఈయరు గనుక గేరు అనియే వ్రాయుచున్నాము. గేరులున్న సైకిలు కలవారు మిట్ట మొదలుకాక ముందే తేలిక గేరునకు మార్చుకొనవలెను. సగము దారిలో, పాదము బిగిసినపుడు మార్చినచో గొలుసు జారును. ఏ సైకిలుకైనను కూర్చుండు పీట ఎత్తు ముఖ్యము. పెడలు అడుగునకు వచ్చినపుడు దానిపై మడమను ఉంచినచో కాలు చక్కగా సాగవలెను. పిమ్మట పాదపు ముందు భాగముతో తొక్కునపుడు మోకాలు కొద్దిగా వంగియుండును. పీట మరీ క్రిందికి ఉన్నచో మోకాలి చిప్పపై ఒత్తిడి హెచ్చి నొప్పి కలుగును. అప్పుడు సైకిలే మోకాళ్లను చెరచినదని పలువురు అనుకొందురు. అది పీట దోషము.

ఎక్కుట కంటె దిగుటయే అపాయకరము. ఈ వ్యాసకర్త ఒకసారి బేల్‌పహాడి వైపున వాలులో దిగుచు మలుపు నడుమ ముందు బ్రేకును మాత్రమే పట్టుట వలన ఎర్రకంకరపై జారి మోచేయి చీల్చుకొనెను. తలకు హెల్మెటు ఉండుటచే మాట అంతటితో పోయినది. మలుపు రాక మునుపే రెండు బ్రేకులను మెల్లగా పట్టి వేగము తగ్గించుకొనవలెను. కంకరపై మలుపునందు బ్రేకు పట్టరాదు. హెల్మెటు మోటారు వాహనములకే గాని సైకిలుకెందుకని అడుగువారు కలరు. రాయికి ఆ భేదము తెలియదు.

ఏనుగుల విషయమున ధైర్యము పనికిరాదు. దల్మా కొండల నుండి వచ్చు మందలు ఈ జిల్లాల అడవులలోను, పండిన వరిచేలలోను తిరుగుచుండును. తెల్లవారకముందును, ప్రొద్దు గ్రుంకిన పిమ్మటను అడవిబాట పట్టరాదు. ముందు గ్రామమున ఆగి ఆనాడు మంద ఎచ్చట ఉన్నదో అడుగుడు, వారికి తెలియును. దూరమున ఏనుగు కనబడినచో గంట మ్రోగింపక, ఫొటో కొరకు ఆగక, వచ్చిన దారినే మరలవలెను. పాము కరచినచో గట్టిగా కట్టు కట్టుట, కోయుట, నోటితో పీల్చుట ఏదియు చేయరాదు. కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. అత్యవసరమునకు 112 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

కార్తికము నుండి మాఘము వరకు అనుకూల కాలము. వేసవిలో ఉష్ణము 40 డిగ్రీలు మించుట ఇచ్చట సామాన్యమే. ఆ దినములలో ఉదయము ఎనిమిదింటికి ఇల్లు చేరవలెను. తల త్రిప్పుట, వాంతి, మాట తడబడుట కనబడినచో నీడకు చేర్చి, ఒడలు తడిపి విసరుచు, వైద్యునికి కబురు పంపవలెను. దాహము వేయకముందే కొంచెము కొంచెముగా నీరు త్రాగుచుండవలెను. చెమట అధికముగా పట్టినపుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి త్రాగవచ్చును. చెంచా తలకొట్టి కొలువవలెను. రక్తపు పోటు గాని మధుమేహము గాని కలవారు దీనిని ప్రతిదినము త్రాగరాదు. చైత్ర వైశాఖములలో సాయంకాలము వచ్చు కాలబైశాఖి గాలివాన పిడుగులతో కూడియుండును. అప్పుడు ఒంటరి చెట్టు క్రింద నిలువక పక్కా ఇంటిలోనికి పోవలెను.

ఛాతీలో నొప్పి, కొద్ది నడకకే ఆయాసము, అదుపులో లేని రక్తపు పోటు కలవారు ముందుగా వైద్యునికి చూపించుకొనక మిట్టలు ఎక్కరాదు. ఇన్సులిను తీసికొనువారికి తొక్కునపుడు గాని, ఇంటికి వచ్చిన కొన్ని గంటలకు గాని రక్తమున చక్కెర పడిపోవచ్చును. వణుకు, చెమట, కన్నులు చీకట్లు క్రమ్ముట దాని గుర్తులు. జేబులో గ్లూకోజు గాని పంచదార గాని తప్పక ఉంచుకొనవలెను. గుర్తులు కనబడగనే ఆగి, మూడు నాలుగు చెంచాలు నీటితో తీసికొని, పావుగంట కూర్చుండవలెను. అట్టివారు ఒంటరిగా అడవిదారి పట్టరాదు.

బయలుదేరుటకు ముందు టైర్లలో గాలి, రెండు బ్రేకులు, వెనుక ఎర్రదీపము చూచుకొనుడు. బేల్‌పహాడి దాటిన తరువాత పంక్చరు దుకాణములు అరుదు. గాలిపంపు, అతుకు ముక్కలు, జిగురు మనవద్దనే ఉండవలెను. చీకటి పడకముందే ఝాడ్‌గ్రామ్ చేరునట్లు, తిరుగు బండి వేళను చూచుకొని లెక్క వేసికొనుడు.