చిలికాను తెలుగులో ఏమని పిలుద్దాం?

చిలికా గురించి తెలుగులో రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యంలోనే చిక్కొస్తుంది. "చిలికా ఒక..." అని మొదలుపెట్టాక తర్వాత మాట ఏమిటి? సరస్సు అందామా? సరస్సు అనగానే మనకి తామరపూలు, హంసలు, తియ్యటి నీళ్ళు గుర్తొస్తాయి. ఉప్పునీటి సరస్సు అందామా? వానాకాలంలో ఉత్తరం వైపు నీళ్ళు ఉప్పగానే ఉండవు. ఒడియాలో 'హ్రద' అంటారు, అదీ సంస్కృతం మాటే. ఇంగ్లీషులో లాగూన్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కొన్ని భూగోళం పుస్తకాల్లో 'ఉప్పునీటి కయ్య' అని ఉంటుంది గానీ, ఆ మాట మన క్లాసులో ఎవరైనా వాడగా మీరు విన్నారా?

మా ఇంట్లో నాన్న వైపు ఒడియా, అమ్మ వైపు తెలుగు. ఒకే చేపకి రెండు పేర్లు వింటూ పెరిగాను. డిసెంబరు సెలవుల్లో మావయ్యా వాళ్ళతో కలిసి మూడు రోజులు చిలికా చుట్టూ తిరిగాం. మొదటి రోజు రంభ, రెండో రోజు బర్కుల్, మూడో రోజు సాతపడా. అక్కడ చూసినవీ, వచ్చాక చదివినవీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. చిలికాని బతికించేది నదికీ సముద్రానికీ మధ్య జరిగే రాకపోక. ఆ రాకపోక జరిగే చోటుకి మన తెలుగు జాలర్ల దగ్గర చక్కటి పేరుంది. నా వ్యాసం ఆ పేరు గురించే.

ముందు కొలతలు

చిలికా మన దేశంలోకెల్లా పెద్ద లాగూన్. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల్లో పరుచుకుని ఉంటుంది. దాని విస్తీర్ణం ఇంత అని ఒక్క అంకె చెప్పడం కుదరదు. ఎండాకాలంలో దాదాపు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు. ఇంత పెద్దది గదా అని లోతు కూడా అలాగే ఉంటుందనుకుంటాం. కానీ చాలా చోట్ల మనిషి లోతు మాత్రమే. మా పడవవాడు వెదురుగడ వేసి చూపిస్తే మావయ్య కూతురు, "ఇంతేనా, నడిచి వెళ్ళిపోవచ్చు" అంది. అడుగున బురద సంగతి పడవవాడు చెప్పాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక పక్క తూర్పు కనుమల కొండలు. ఇంకో పక్క బంగాళాఖాతం. సముద్రానికీ చిలికాకీ మధ్య సుమారు 60 కిలోమీటర్ల పొడవున సన్నటి ఇసుక దిబ్బ ఉంది. సముద్రం ఒడ్డు వెంబడి ఇసుకని తోసుకుంటూ పోగుచేసిన గోడ అది. ఉత్తరం నుంచి దయా, భార్గవి వంటి మహానది పాయలు మంచినీళ్ళు తెస్తాయి. ఇసుక దిబ్బ తెగిన చోటు నుంచి ఉప్పునీళ్ళు వస్తాయి. వానలప్పుడు నదులది పైచేయి, ఎండాకాలంలో సముద్రానిది. అంటే చిలికా నీళ్ళ రుచి ఋతువుని బట్టి, మనం నిలబడిన చోటుని బట్టి మారుతుంది.

కుదలు: పెద్దదీ చిన్నదీ

బరంపురంలో రైలెక్కితే ఛత్రపురం, గంజాం, హుమ్మా దాటి రంభ చేరతాం. ఒడ్డున పాత మేడ ఒకటుంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టరుగా చేసిన స్నాడ్‌గ్రాస్ కట్టించినది. తర్వాత అది ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది కాబట్టి, అప్పట్లో చిలికా దక్షిణపు కొస ఒక రాష్ట్రం, ఉత్తరపు నీళ్ళు ఇంకో రాష్ట్రం. చేపలకి మాత్రం ఆ సరిహద్దు ఉండి ఉండదు.

రంభ దగ్గర దీవులు రాతి దీవులు. తూర్పు కనుమల రాళ్ళే నీళ్ళలోంచి తల పైకెత్తినట్టుంటాయి. పడవ టిక్కెట్టు మీద 'హనీమూన్ ఐలాండ్', 'బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్' అని పేర్లు రాసుంటాయి. అసలు పేర్లు పడవవాణ్ణి అడిగితే చెప్పాడు: బడకుద, సానకుద. ఒడియాలో బడ అంటే పెద్ద, సాన అంటే చిన్న, కుద అంటే నీళ్ళ మధ్య మెరకగా ఉన్న నేల. మన 'దిబ్బ'కి దగ్గరి మాట. గోదావరి వాళ్ళు 'లంక' అన్నట్టు ఇక్కడివాళ్ళు 'కుద' అంటారు.

ఈ బడకుదకి శాస్త్రంలో కూడా చోటుంది. 1917లో నెల్సన్ అనండేల్ అనే జంతుశాస్త్రవేత్త ఈ దీవిలో దొరికిన కాళ్ళు లేని నలికిరి జాతి ప్రాణిని వర్ణించి, దానికి 'బర్కూడియా ఇన్సులారిస్' అని పేరు పెట్టాడు. చూస్తే చిన్న పాములా ఉంటుంది, మట్టిలో దూరి బతుకుతుంది. పడవవాళ్ళ నోట్లోని కుద అలా లాటిన్‌లోకి ఎక్కింది. టిక్కెట్టు మీదకి మాత్రం ఎక్కలేదు. ఊరి పేరు మారిస్తే ఏం పోతుందని అంటారు గానీ, 'హనీమూన్ ఐలాండ్' అన్న పేరు వింటే ఆ దీవిలో ఏముందో ఏమీ తెలియదు.

కాళీజాయీ, నళబణ

రెండో రోజు బర్కుల్ నుంచి కాళీజాయీ దీవికి వెళ్ళాం. మకర సంక్రాంతికి ఇక్కడ పెద్ద జాతర జరుగుతుంది. మా జేజేమా, అంటే నాన్నమ్మ, ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో. జాయీ అనే కొత్త పెళ్ళికూతుర్ని పడవలో అత్తారింటికి తీసుకెళ్తుంటే గాలివాన వచ్చి పడవ తిరగబడింది. తక్కినవాళ్ళు దక్కారు, పిల్ల దక్కలేదు. ఆ పిల్లే దేవతై పడవలని కాపాడుతుందని నమ్మకం. పడవలో కూర్చుని చుట్టూ చూస్తే ఈ కథ ఎందుకు పుట్టిందో అర్థమైంది. లోతు తక్కువైనా ఒడ్డు కనపడనంత వెడల్పు, గాలికి అడ్డం ఏమీ లేదు. మధ్యాహ్నం గాలి లేచేసరికి మా పడవ కూడా కాస్త ఊగింది, అత్తయ్య చేతులు జోడించింది.

అక్కడి నుంచి నళబణ దూరంగా చూశాం. నళ అంటే రెల్లు లాంటి గడ్డి, బణ అంటే వనం. సుమారు 15 చదరపు కిలోమీటర్ల ఈ దీవి వానాకాలంలో మునిగిపోతుంది, నీళ్ళు తీశాక మళ్ళీ పైకి తేలుతుంది. పక్షుల అభయారణ్యం కాబట్టి జనాన్ని దిగనివ్వరు. సైబీరియా, మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే బాతులు, తల మీద నల్లచారలుండి హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే పెద్దబాతులు ఇక్కడ చలికాలం గడుపుతాయి. ఈ మధ్య ఏళ్ళలో జనవరి లెక్కల్లో చిలికా మొత్తం మీద పక్షులు పది లక్షలు దాటుతున్నాయి. అవి ఇంత దూరం వచ్చేది తిండి కోసం. ఆ తిండి ఉండేది నీళ్ళు సరిగ్గా ఉంటేనే. ఇక నీళ్ళు సరిగ్గా ఉండటం దేని మీద ఆధారపడిందో మూడో రోజు తెలిసింది.

మొగ

మూడో రోజు పాలూరు, మాలుద్ మీదుగా జహ్నికుద వెళ్ళి, కారుతో సహా పంటు ఎక్కి సాతపడా రేవులో దిగాం. (ఇక్కడా కుదే. జహ్ని అంటే ఒడియాలో బీరకాయ. బీరపాదులు మాత్రం నాకు కనపడలేదు.) సాతపడా దగ్గర ఇరావడీ డాల్ఫిన్లు తిరుగుతాయి. గుండ్రటి తల, ముందుకి పొడుచుకొచ్చిన మూతి ఉండదు. చిలికాలో ఇవి నూట యాభై ప్రాంతంలో ఉంటాయి. ఒకటి నీళ్ళ మీదకి వీపు చూపించగానే నాలుగైదు మోటారు పడవలు అటే పరిగెత్తాయి. మావయ్య మా పడవవాడితో, "ఇంజను ఆపు బాబూ, అదే వస్తుందిలే" అన్నాడు. కాసేపటికి నిజంగానే వచ్చింది.

రేవులో ఇద్దరు ఆడవాళ్ళు ఎండుచేపలు అమ్ముతూ మాట్లాడుకుంటున్నారు. "మొగ మళ్ళీ మేటేస్తంది" అన్న మాట చెవిన పడింది. తెలుగు! నేను ఆగి, "మొగంటే ఏమిటి పిన్నీ?" అని అడిగాను.

"మీరు తెలుగోలేటమ్మా?" అని నవ్వి, చెయ్యి సముద్రం వైపు చూపించింది. "అదిగో, సంద్రం నీరు లోపలికొచ్చే దారి. అదే మొగ. మొగ తెరుసుకునుంటే మాకు యేట. మేటేస్తే పస్తు."

ఒడిశా తీరంలో 'నోళియా' అని పిలిచేది వీళ్ళనే. పూరీ బీచిలో స్నానం చేసేవాళ్ళని కాపాడే మనుషులని కూడా నోళియా అంటారు కాబట్టి, మా ఒడియా స్నేహితురాళ్ళు అది ఒక ఉద్యోగం పేరనుకుంటారు. నిజానికి వాళ్ళు తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు జాలర్లు. చిలికా చుట్టూ చేపలు పట్టే కులాలు చాలా ఉన్నాయి. కేఉటలు వలలు వేస్తారు, తియరలు వెదురు మావులు కడతారు. నోళియాలు ఎక్కువగా సముద్రంలోనూ మొగ దగ్గరా వేట చేస్తారు.

మొగ ఎంత ముఖ్యమో చరిత్రే చెప్తుంది. 1990ల నాటికి మొగ ఉత్తరం వైపు జరిగిపోయి, దారి పొడవై, ఇసుక మేట వేసింది. సముద్రపు నీళ్ళు లోపలికి రావడం తగ్గింది. ఉప్పదనం పడిపోయింది, కలుపు మొక్కలు అల్లుకున్నాయి. సముద్రానికీ చిలికాకీ మధ్య తిరిగే చేపలకీ రొయ్యలకీ దారి మూసుకుపోయింది. 1981లోనే రామ్‌సార్ జాబితాలోకి ఎక్కిన చిలికాని, 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితా అయిన మాంత్రో రికార్డులో చేర్చారు. చివరికి 2000 సెప్టెంబరు 23న ఇసుక దిబ్బని తవ్వి సాతపడాకి ఎదురుగా కొత్త మొగ తెరిచారు. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. 1999–2000లో రెండు వేల టన్నులు కూడా లేని చేపల దిగుబడి 2001–02కి పదివేల టన్నులు దాటింది. 2002లో చిలికాని ఆ ప్రమాద జాబితా నుంచి తీసేశారు. పిన్ని రెండు ముక్కల్లో చెప్పినదే ఈ లెక్కలన్నీ చెప్తున్నాయి.

మొగ ఒకచోట నిలిచి ఉండదు కూడా. 2019 మే నెలలో ఫణి తుఫాను వచ్చినప్పుడు ఇసుక దిబ్బ ఇంకొన్ని చోట్ల తెగి కొత్త మొగలు పడ్డాయి. మేట వేయడం, తెగడం, మళ్ళీ మేట వేయడం దాని స్వభావం.

మాటల చుట్టరికం

మన పుస్తకాల్లో దీన్ని 'ముఖద్వారం' అని రాస్తాం. తప్పేమీ కాదు. కానీ 'మొగ మేటేసింది' అన్నప్పుడు ఆ రెండు మాటల వాక్యంలో ఒక కుటుంబం ఆకలి ఉంది. 'ముఖద్వారం పూడుకుపోయింది' అంటే వార్తలా ఉంటుంది. ఒడియాలో ఇదే చోటుని 'ముహాణ' అంటారు. ముఖం తెలుగులో మొగం అయింది, ఒడియాలో ముహఁ అయింది. మొగ, ముహాణ పక్కపక్కన పలికి చూడండి, చుట్టరికం చెవికే తెలుస్తుంది. చిలికాలో పేరున్న చేప ఒడియాలో ఖయింగా, మన కోస్తాలో కొయ్యింగ. అదీ అంతే. తేడాలు కూడా బావుంటాయి. ఒడియాలో 'మాఛ ధరిబా', చేపలు పట్టడం అంటారు. మన జాలర్లు 'వేట' అంటారు. అడవికి వెళ్ళేవాడి మాటే సముద్రానికి వెళ్ళేవాడిదీ.

ఇంకో మాట 'ఘేరీ'. రొయ్యల పెంపకం కోసం నీళ్ళ చుట్టూ కట్టిన ఆవరణ. అందరూ తిరిగే నీళ్ళలో కొందరు గోడలు కట్టుకోవడంతో చిలికాలో గొడవలు పెద్దవయ్యాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికాకీ పులికాట్‌కీ 1,000 మీటర్ల లోపల రొయ్యల పరిశ్రమ ఉండకూడదని తీర్పిచ్చింది. ఆంధ్ర, తమిళనాడు మధ్యనున్న ఆ పులికాట్‌కి 'ప్రళయకావేరి' అన్న తెలుగు పేరుంది. స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు'లో అక్కడి మనుషుల తెలుగుని అలాగే ఉంచి రాశారు. ఆ పుస్తకం వల్ల దూరంగా ఉన్న మనకి కూడా అక్కడి మాటలు తెలుస్తున్నాయి.

చిలికా మన ఊరికి ఇంకా దగ్గర. దాని ఒడ్డున తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలు ఒడియా బడికి వెళ్తున్నారు. అది మంచిదే, నేనూ అలాగే చదివాను. కానీ బడిలో 'ముహాణ', పుస్తకంలో 'ముఖద్వారం' నేర్చుకున్న పిల్ల ఇంట్లో 'మొగ' అనడం మానేస్తే ఆ మాటని కాపాడేవాళ్ళెవరు? ఘనమైన పదాల కోసం మనం నిఘంటువులు తిరగేస్తాం. వాడుకలో బతికున్న మాటలు రేవులో ఎండుచేపల బుట్ట పక్కన ఉన్నాయి.

అందుకని మన శాఖకి నాదొక మనవి. ఈ గోడపత్రిక కింద ఒక తెల్ల కాగితం అంటించాను. గోపాల్‌పూర్, గంజాం, పూరీ వైపు చుట్టాలున్నవాళ్ళు పండగ సెలవులకి వెళ్ళినప్పుడు చేప, వల, గాలి, నీరు, పడవలకి సంబంధించిన మాటలు విని, ఎక్కడ విన్నారో ఊరి పేరుతో సహా అందులో రాయండి. మేడమ్ గారు చూసి, సరైనవి నోటుబుక్కులోకి ఎక్కిస్తానన్నారు. నేను నాలుగు రాసి మొదలుపెట్టాను: మొగ, మేట, వేట, కొయ్యింగ.

ఇంతకీ "చిలికా ఒక..." తర్వాత ఏం రాయాలి? నా వరకు నేను ఇలా రాసుకున్నాను: చిలికా ఒక పెద్ద కయ్య, దాని ప్రాణం మొగలో ఉంది. ఇంతకంటే మంచి మాట మీ ఊళ్ళో ఉంటే ఆ కాగితం మీద రాయండి, నాది కొట్టేస్తాను.