పూత రాలిపోతే తప్పు చెట్టుదేనా?
(పెరటి పండ్ల చెట్లపై ఒక పాఠం)



మన హాస్టల్‌లో నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో వంటగది వెనుక ఒక జామచెట్టు ఉండేది. పళ్లాలు కడిగే నల్లా దాని పక్కనే. నీళ్లకు కొదవ లేదు. ఆకులు అరచేయంత, కొమ్మలు గోడ దాటి పోయేవి. కాయలు మాత్రం ఏడాదికి పది కూడా దిగేవి కావు. అవి కూడా ఎవరి కంట పడితే వారివి! అరటిపండు ఇచ్చే రోజు కోసం వేళ్లు లెక్కపెట్టుకునే మాకు ఆ చెట్టు మీద ఎంత కోపమో చెప్పలేను. చివరికి "ఇది గొడ్డు చెట్టు" అని అందరూ తేల్చారు. ఒక ఆదివారం దాన్ని కొట్టించి పొయ్యిలోకి వాడారు. వాచ్‌మన్ తాత ఒక్కడే "ఇంకో ఏడాది చూద్దాం సారూ" అన్నాడు. ఆ మాట ఎవరూ వినలేదు. కొమ్మలు మోసినవాళ్లలో నేనూ ఉన్నాను.

తర్వాత ఉద్యానశాస్త్రం చదివినప్పుడు తెలిసింది, ఆ చెట్టుకు ఏ రోగమూ లేదని. జామకు పూత పాత కొమ్మ మీద రాదు. కొత్తగా వేసిన చిగురులో, ఆకు మొదట్లో వస్తుంది. మన చెట్టును ఎవరూ ఏనాడూ కత్తిరించలేదు. పైన వేపచెట్టు నీడ. జామకు రోజూ కనీసం ఆరు గంటల ఎండ పడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పన్నెండు నెలలూ కాళ్ల కింద నీళ్లు. తిండికి, నీటికి లోటు లేని చెట్టు ఆకులు పెంచుకుంటూ పోతుంది, పూత సంగతి మరచిపోతుంది. దానికి తోడు ఎవరో "బలం చాలలేదు" అని గుప్పెడు యూరియా వేసేవారు. ఆకు ఇంకా పెరిగేది. ఆ నల్లా నీళ్లను చిన్న కాలువ తీసి పక్కకు మళ్లించి, వేప కొమ్మలు రెండు నరికి, జామ కొమ్మల చివర్లు కత్తిరించి ఉంటే సరిపోయేది.

ముదురు జామచెట్టుకు వేసవిలో నెల, నెలన్నర పాటు నీళ్లు ఆపాలి. కొంత ఆకు రాలుతుంది, భయపడవద్దు. జూన్‌లో పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే కొత్త చిగురుతో పాటు పూత వస్తుంది, చలికాలానికి కాయ అందుతుంది. మన ఎర్ర నేలల్లో తడి త్వరగా ఆరిపోతుంది కాబట్టి చెట్టు వాడిపోయేంత ఎండగట్టకూడదు. చిన్న మొక్కలకు ఈ పద్ధతి అసలే వద్దు. వానాకాలపు కాయ చప్పగా ఉంటుంది, పురుగు కూడా ఎక్కువ. ఆ పురుగు పండు ఈగ పిల్ల. రాలిన కాయలోంచి అది మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై వస్తుంది. అందుకని రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరి లోతుగా పాతిపెట్టాలి. మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కడితే మగ ఈగలు పడతాయి. ఖర్చు లేని ఉపాయం, కాయ నిమ్మకాయంత కాగానే కాగితం సంచి తొడగడం.

ఇక బొప్పాయి. నిరుడు మనం నాటిన మూడు మొక్కల్లో రెండు పూశాయి గానీ కాయలేదని తమ్ముళ్లు ఫోన్‌లో చెప్పారు. పూలు పొడవాటి కాడలకు గుత్తులుగా వేలాడుతున్నాయా అని అడిగితే అవునన్నారు. అవి మగ చెట్లు. ఆడ పువ్వు కాండానికి అంటుకొని ఉంటుంది, లావుగా ఉంటుంది, లోపల చిన్న కాయలాంటి అండాశయం కనబడుతుంది. పూత వచ్చేదాకా ఏది మగో ఏది ఆడో చూసి చెప్పలేం. అందుకే గుంతకు మూడు మొక్కలు నాటి, పూశాక ఆడదాన్ని ఉంచి మిగతావి తీసేస్తారు. పది ఆడ చెట్లకు ఒక మగ చెట్టు చాలు. ఇంత బాధ వద్దనుకుంటే రెడ్ లేడీ లాంటి రకాలు నాటుకోవచ్చు. వాటిలో మగ చెట్లుండవు.

మగ బొప్పాయికి మేకు కొడితే కాస్తుందని మా ఊళ్లో నమ్ముతారు. వాతావరణం మారినప్పుడు కొన్ని మగ చెట్లు వాటంతటవే ద్విలింగ పుష్పాలు పూసి, ఆ పొడవు కాడల చివర ఒకటీ రెండూ కాయలు కాస్తాయి. పేరు మేకుకు వస్తుంది!

నాకు బాగా ఇష్టమైనది సీతాఫలం. మాది పాలమూరు వైపు, బాలానగర్ రకానికి పేరుపడ్డ ప్రాంతం. గుట్టల మీద కాయలు ఏరి, గంప నెత్తిన పెట్టుకొని రోడ్డు పక్కన అమ్మి, ఆ డబ్బుతోనే మా అమ్మ నాకు నోటుపుస్తకాలు కొనేది. ఇంటి ముందు చెట్టు మాత్రం వందల పూలు పూసి నాలుగు కాయలు నిలిపేది. "దిష్టి తగిలింది" అనేది అమ్మ.

కారణం పువ్వులోనే ఉంది. సీతాఫలం పువ్వులో కీలాగ్రం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. తన పుప్పొడి తనకు అందదు. ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు చేర్చే పని చిన్న పెంకు పురుగులది. ఎండలు ముదిరిన ఏప్రిల్, మే నెలల్లో కీలాగ్రం ఎండిపోయి పూత రాలుతుంది. వానలు పడ్డాక గాలిలో తేమ పెరిగి కాయ నిలుస్తుంది.

మీరు పాఠంలో చదివిన సంకలిత ఫలం ఇదే. పైన కనిపించే ఒక్కో కన్ను ఒక్కో ఫలదళం. పుప్పొడి కొన్నిటికే అందితే కాయ వంకరగా, ఒక పక్క గుంట పడి పెరుగుతుంది. వంకర కాయను చూసి తెగులనుకోవద్దు.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నేనొక పని చేశాను. రేకులు పూర్తిగా విచ్చుకున్న పూల నుంచి పుప్పొడిని కాగితం మీద రాల్చుకొని, రేకులు కొద్దిగా మాత్రమే తెరుచుకున్న పూలలో మెత్తని కుంచెతో పొద్దున్నే అద్దాను. గుర్తుకు దారాలు కట్టాను. అమ్మ నవ్వింది. ఆ దారాల కొమ్మలకు ఆ ఏడు ఇరవై ఒక్క కాయలు నిలిచాయి. అమ్మ వాటిలో ఒక్కటి కూడా అమ్మలేదు.

మామిడి గురించి రెండు మాటలే. టెంక మొక్క ఆరేడేళ్లకు గాని కాపుకు రాదు, అంటు మొక్క మూడు నాలుగేళ్లకే వస్తుంది. పూతకు ముందు నీళ్లు ఆపి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ పెట్టాలి. పూత నల్లబడి జిగురుగా ఉంటే తేనెమంచు పురుగు, తెల్లటి పొడి ఉంటే బూడిద తెగులు. పూలు విచ్చుకున్నప్పుడు మందు కొడితే తేనెటీగలు చస్తాయి, ఆపైన కాయ ఎక్కడిది?

మన మూడో బొప్పాయి ఇంకా పూయలేదట. దాన్ని ముట్టుకోవద్దు. మగ చెట్లలో ఒకటి ఉంచి, ఒకటి తీసేయండి. వానాకాలంలో మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే రెండు రోజుల్లో కుళ్లుతుంది. కాబట్టి మట్టి ఎగదోసి, నీళ్లు పోయేలా కాలువ తీయండి. పువ్వు కనిపించిన రోజు కాండానికి అంటుకొని ఉందో, కాడకు వేలాడుతోందో చూసి నాకు కబురు చేయండి.