రబ్బర్ ఈల్ కావాలంటే ముందు నీళ్ల సంగతి చూడండి

సెలవులొస్తే చాలు, ఫోన్‌లో చూసిన జంతువల్లా ఇంటికి కావాలంటారు పిల్లలు. కుక్కపిల్ల, చిలుక, తాబేలు అయిపోయాయి. ఇప్పుడు కొందరి కళ్లు ‘రబ్బర్ ఈల్’ మీద పడ్డాయి. బూడిదరంగులో, మూరెడు పొడవున, అటు వానపామూ ఇటు పామూ కాకుండా ఉండే ఈ జీవి అక్వేరియంలో మెలికలు తిరుగుతుంటే పెద్దవాళ్లకూ చూడబుద్ధవుతుంది. పటాన్‌చెరు, రామచంద్రాపురం, సంగారెడ్డి వైపు తల్లిదండ్రులకు నేను చెప్పేదొకటే: జంతువు సంగతి తర్వాత, ముందు మీ ఇంటి నీళ్ల సంగతి తేల్చుకోండి.

ఈల్ పేరుతో అమ్మినా ఇది కప్పల చుట్టం. కాళ్లు లేని ఉభయచరం, సిసీలియన్. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు టిఫ్లోనెక్టెస్ నాటన్స్, సొంత ఊరు కొలంబియా, వెనిజులా నదులు. కళ్లున్నా లేనట్టే, వాసన పట్టి తిండి వెతుక్కుంటుంది. గాలి పీల్చడానికి పైకొచ్చి పోతుంటుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. కడుపులో ఉన్న పిల్లలు తల్లి అండనాళం లోపొరను గీక్కుని తింటూ పెరుగుతాయి. కొన్నా కొనకపోయినా ఈ ముచ్చట మీ పిల్లలకు చెప్పండి, నోరెళ్లబెట్టి వింటారు. మన తూర్పు కనుమల్లోనూ సిసీలియన్లు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఎత్తు కొండల్లో దొరికిన గెగెనియోఫిస్ ఓరియెంటాలిస్ అనే జాతిని 2013లో లోకానికి పరిచయం చేశారు. అది మట్టిలో బతికేది. దాన్ని తవ్వి తెచ్చి తొట్టిలో వేసే ఆలోచన మాత్రం వద్దు.

ఇక నీళ్లు. ఈ జాతి జీవులు చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటాయి కాబట్టి నీళ్లలో ఏముంటే అది ఒంట్లోకి పోతుంది. ఈ మాట పటాన్‌చెరు వాళ్లకు ఒకరు చెప్పాలా? మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ఇక్కడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. 2009లో వచ్చిన మరో పరిశోధనలో ఆ నీళ్లను కేవలం 0.2 శాతం కలిపి తోకకప్పలను పెంచితే, వాటి ఎదుగుదల 40 శాతం దాకా తగ్గింది. వెయ్యి చుక్కల్లో రెండు చుక్కలన్నమాట. అవి పాత లెక్కలు, మీ బోరు నీళ్లు అలాగే ఉన్నాయని నేననడం లేదు. కానీ ‘మనం స్నానం చేసే నీళ్లేగా, దానికేమవుతుంది’ అనే మాట ఇక్కడ చెల్లదు. బోరు నీళ్లయితే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయే చుక్కల మందు కలపనిదే ట్యాంకులో పోయకండి. కొత్త ట్యాంకులో ఫిల్టర్ కనీసం నెల రోజులు నడిచి, అమ్మోనియా పరీక్షలో సున్నా చూపించాకే జీవిని వదలాలి. దుకాణంలో ఈ నెల రోజుల మాట ఎవరూ ఎత్తరు, వాళ్లకు ఆ రోజే అమ్ముడుపోవాలి!

నీళ్ల వేడి 25 నుంచి 28 డిగ్రీల మధ్య నిలవాలి. చలికాలంలో హైదరాబాద్ చుట్టూ అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదయ్యే చోట్లలో పటాన్‌చెరు పేరు తరచూ వినబడుతుంది, కాబట్టి హీటర్ తప్పదు. మే నెలలో తిప్పలు వేరే. మధ్యాహ్నం కరెంటు పోయి, ఇల్లు పైఅంతస్తులో ఉంటే ఆ తొట్టి ఎంత వేడెక్కుతుందో మీకే తెలుసు.

మూత గట్టిగా ఉండాలి. తల పట్టే సందు దొరికితే ఒళ్లంతా జారి బయటపడుతుంది. అర్ధరాత్రి హాల్లో నేల మీద అది పాకుతుంటే నాయనమ్మ కర్ర తీయకుండా ఉంటుందా? ఆమెదేం తప్పు లేదు.

తిండికి గాలానికి గుచ్చే ఎర్రలు బాగా పనికొస్తాయి. అయితే ఫ్యాక్టరీ కాలువ గట్టునో, మందు కొట్టిన పొలంలోనో తవ్వినవి వద్దు. తొట్టిలో చేయి పెట్టాక పిల్లలు సబ్బుతో కడుక్కోవాలి, ఉభయచరాల మీద సాల్మొనెల్లా ఉండొచ్చు.

‘నేనే చూసుకుంటా డాడీ’ అని పిల్లలు మాటిస్తారు. ఆ మాట అబద్ధం కాదు, కానీ ఇది ఏళ్ల తరబడి బతికే జంతువు. పదో తరగతి వస్తుంది, తర్వాత ఇంటర్ హాస్టల్. షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి నీళ్లు మార్చేది మీరే. అందుకే నా లెక్కన దీన్ని పిల్లాడి కోసం కొనకూడదు, మీకు ఇష్టముంటేనే కొనాలి.

విసుగొస్తే మంజీరాలోనో, మహబూబ్‌సాగర్ చెరువులోనో వదిలేద్దామనుకోకండి. అమెరికాలో ఫ్లోరిడాలోని మయామి దగ్గర ఒక కాలువలో 2019లో ఈ జాతి జీవే దొరికింది. ఆ దేశపు నీళ్లలో సిసీలియన్ కనబడడం అదే మొదటిసారి, ఎవరో పెంచి వదిలేసి ఉంటారనే అక్కడి శాస్త్రవేత్తల అనుమానం. ట్యాంకు శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేప ఇప్పుడు మన చెరువుల్లో వలలు చింపుతోంది. సాకలేకపోతే అమ్మినవాళ్లకే తిరిగివ్వండి, తీసుకుంటారో లేదో కొనేముందే అడగండి. దిగుమతి కాగితాలు కూడా అప్పుడే అడగండి. చూపించలేకపోతే బేరం అక్కడితో ఆపేయండి.

పిల్లాడు పట్టు వదలకపోతే ఒక పని చేయండి. ట్యాంకు, ఫిల్టర్, థర్మామీటర్ మాత్రం కొని, నాలుగు గప్పీలు వేసి, ఒక నోట్‌బుక్ చేతికివ్వండి. పొద్దునా సాయంత్రం నీళ్ల వేడి, వారానికోసారి అమ్మోనియా రాయమనండి. డిసెంబర్, మే రెండూ గడిచాక ఆ పుస్తకం తెరిచి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.