మొదలుపెట్టారు సరే... మెయింటెయిన్ చేస్తారా?

అమీర్‌పేటలో లైనక్స్ కోర్సులో చేరిన మొదటి వారం గుర్తుందా? విండోస్ లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసుకున్నారు. దాని లోపల లైనక్స్ వేసుకున్నారు. కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్ నడుస్తుంటే మురిసిపోయారు. మనవాళ్లలో ఎంతోమందికి లైనక్స్ పరిచయమైంది ఆ చిన్న విండోలోనే.

ఇప్పుడు డెబియన్ అనే లైనక్స్ రకం స్టేబుల్ వెర్షన్ ఉన్న మెషీన్ మీద ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ వర్చువల్‌బాక్స్’ అని కొట్టి చూడండి. రాదు. ఆ ప్యాకేజీ లేదనే జవాబు వస్తుంది. అదే మెషీన్‌ని క్యూఎమ్యూ (ప్యాకేజీ పేరు ‘క్యూఎమ్యూ-సిస్టమ్’) అడగండి. టీ తాగి వచ్చేలోపు దిగిపోతుంది.

రెండూ వర్చువల్ మెషీన్లు నడిపేవే. రెండూ మంచి సాఫ్ట్‌వేర్లే. మరి ఒకటి ఉండి ఇంకొకటి ఎందుకు లేదు? కారణం మీకు కచ్చితంగా తెలియాలి. దాంట్లో మీ కెరీర్‌ని మార్చే అలవాటు ఒకటి దాగి ఉంది.

మన జబ్బు పేరు ఆరంభశూరత్వం

జనవరిలో జిమ్ ఫీజు కడతాం. ఫిబ్రవరికి షూ అటక ఎక్కుతుంది. ఆన్‌లైన్ కోర్సు కొంటాం. మూడో వీడియో దాటం. గిట్‌హబ్‌లో ప్రాజెక్ట్ పెడతాం. మొదటి కమిట్టే చివరి కమిట్.

మీరు బద్ధకస్తులని నేననను. మొదలుపెట్టడం మీకు వచ్చు. నిలబెట్టడం మాత్రం బళ్లోగానీ కాలేజీలోగానీ ఎవరూ నేర్పలేదు. అదొక స్కిల్. ఎవరైనా, ఏ వయసులోనైనా నేర్చుకోవచ్చు. నేర్చుకోవడానికి లైనక్స్ ప్యాకేజింగ్‌ని మించిన బడి నేను చూడలేదు.

క్యూఎమ్యూనే చూడండి. దాన్ని 2003లో మొదలుపెట్టింది ఫాబ్రిస్ బెలార్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్. 2007లో లైనక్స్ కెర్నెల్ 2.6.20లోకి కేవీఎం వచ్చింది. ప్రాసెసర్‌లోనే ఉన్న వర్చువలైజేషన్ బలాన్ని వాడుకునే దారి తెరుచుకుంది. ఈ రెండూ జంటగా ఇవాళ ఎన్నో డేటా సెంటర్లను మోస్తున్నాయి. కోడ్ రాసే ఈ ప్రాజెక్టులను అప్‌స్ట్రీమ్ అంటారు. ఆ కోడ్ మీ మెషీన్‌లో ఒక్క కమాండ్‌తో, దేన్నీ చెడగొట్టకుండా దిగేలా చూసేవాళ్లు మెయింటెయినర్లు.

వాళ్ల పనంతా ‘డెబియన్’ అనే ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. ఏయే లైబ్రరీలు కావాలో (వీటినే డిపెండెన్సీలు అంటారు) కంట్రోల్ ఫైల్ చెబుతుంది. ఎలా బిల్డ్ చేయాలో రూల్స్ ఫైల్ చెబుతుంది. ఎవరి కోడ్ ఏ లైసెన్స్ కిందికి వస్తుందో కాపీరైట్ ఫైల్‌లో రాయాలి. క్యూఎమ్యూ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్‌ని ముక్కలుగా విడదీస్తారు. ఇంటెల్, ఏఎమ్‌డీ మెషీన్ల ఎమ్యులేటర్ ఒక ప్యాకేజీ, ఆర్మ్‌కి ఒకటి, డిస్క్ ఇమేజ్‌ల పనిముట్లకు ఇంకొకటి. అప్‌స్ట్రీమ్ రెడీమేడ్‌గా పంపే ఫర్మ్‌వేర్ బైనరీలను తీసేసి, సీబయోస్ లాంటి వాటిని సోర్స్ నుంచి వేరే ప్యాకేజీలుగా తయారుచేస్తారు. ఎందుకింత శ్రమ? సోర్స్ చేతిలో లేనిదాన్ని రేపు ఎలా రిపేర్ చేస్తారు?

2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఇలాంటి ప్యాకేజీలు 69 వేలకు పైగా ఉన్నాయి. వాటిని చూసుకునే మెయింటెయినర్లలో ఎక్కువమంది వలంటీర్లు. కోడ్ వాళ్లది కాదు, పేరూ పెద్దగా రాదు. అయినా ఏళ్ల తరబడి ఆ పని వదలరు. నేను వాళ్లను చూసే మారాను. మీరూ మారతారు.

నిలబెట్టుకోగల మాటే ఇవ్వండి

డెబియన్ స్టేబుల్ అంటే ఒక మాట. ఒకసారి విడుదలయ్యాక అందులోని సాఫ్ట్‌వేర్ వెర్షన్లు మామూలుగా మార్చరు. సెక్యూరిటీ లోపం బయటపడితే ఆ లోపం వరకే సరిచేసి ఇస్తారు. మూడేళ్లు మామూలు సపోర్ట్, ఆపైన రెండేళ్లు ఎల్‌టీఎస్ అనే పొడిగింపు. మొత్తం అయిదేళ్ల పూచీ.

వర్చువల్‌బాక్స్ దగ్గర ఆ పూచీ కుదరలేదు. దాన్ని నడిపే ఒరాకిల్ సెక్యూరిటీ లోపాలను సరిచేస్తుంది. కానీ ఏ లోపానికి ఏ ప్యాచో విడదీసి చెప్పదు. కొత్త వెర్షన్‌కి మారమంటుంది. ఆ కంపెనీ పద్ధతి అది. ప్యాచ్ ఏదో తెలియనప్పుడు పాత వెర్షన్‌ని బాగుచేసే దారి మెయింటెయినర్లకు ఉండదు. అందుకే 2017 జూన్‌లో వచ్చిన డెబియన్ 9 నాటి నుంచి స్టేబుల్‌లో వర్చువల్‌బాక్స్ లేదు.

జనం అడగడం లేదా? బోలెడంతమంది అడుగుతారు. ‘ముందు పెట్టేద్దాం, తర్వాత చూసుకుందాం’ అని మాత్రం మెయింటెయినర్లు అనలేదు. నా దృష్టిలో అది గొప్ప నిర్ణయం.

మీ సంగతి చూడండి. మేనేజర్ అడిగితే ‘చేసేద్దాం సార్’. పిన్ని పిలిస్తే ‘తప్పకుండా వస్తా పిన్నీ’. కొలీగ్ సాయమడిగితే ‘వీకెండ్‌లో కూర్చుందాం’. ఇన్ని మాటల్లో నిలిచినవెన్ని?

ఒక కాగితం తీసుకోండి. ఈ నెలలో మీరిచ్చిన మాటలన్నీ రాయండి. ఒక్కోదాని ఎదురుగా ఈ ప్రశ్న వేసుకోండి: మూడు నెలల తర్వాత దీంట్లో ఇబ్బంది వస్తే చూసుకోగలనా? లేదు అనిపించినవాటికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. ‘ఈసారి నా వల్ల కాదు, సారీ’ అంటే చాలు. కారణాలు అల్లకండి.

ఇంకో మాట. వర్చువల్‌బాక్స్ డెబియన్ నుంచి పూర్తిగా పోలేదు. అన్‌స్టేబుల్ అనే విభాగంలో ఉంది. అక్కడ అన్నీ మారుతుంటాయని అందరికీ తెలుసు. మీరూ అలాంటి చోటొకటి పెట్టుకోండి. గిటార్, కొత్త ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్, యూట్యూబ్ చానల్... ‘ఇది ట్రయల్’ అని ముందే చెప్పి హాయిగా మొదలుపెట్టండి. నిలదొక్కుకున్నాకే స్టేబుల్‌లోకి తీసుకురండి.

మనిషిని మార్చకండి, ప్యాచ్ వేయండి

2015 మే. వెనమ్ అనే లోపం బయటపడింది. ఎక్కడ? క్యూఎమ్యూలో ఫ్లాపీ డ్రైవ్‌ని అనుకరించే కోడ్‌లో. 2004 నుంచి అక్కడే ఉంది! వర్చువల్ మెషీన్ లోపలున్నవాడు గోడ దూకి అసలు మెషీన్‌లోకి వచ్చేంత ప్రమాదం. ఆ కోడ్‌ని అరువు తెచ్చుకున్న జెన్, వర్చువల్‌బాక్స్‌లకూ అదే తలనొప్పి.

డెబియన్ 8 విడుదలై అప్పటికి నెల కూడా కాలేదు. అందులో ఉన్నది క్యూఎమ్యూ 2.1. అప్‌స్ట్రీమ్ అప్పటికే 2.3కి చేరింది. మెయింటెయినర్లు వెర్షన్ మార్చేశారా? లేదు. ఫ్లాపీ బఫర్ హద్దు దాటకుండా కాపలా కాసే కొద్ది లైన్ల ప్యాచ్‌ని 2.1కి అతికించారు. దీన్నే బ్యాక్‌పోర్ట్ చేయడం అంటారు. మిగతా సిస్టమ్ కదల్లేదు, మెదల్లేదు.

‘రేపటి నుంచి నేను కొత్త మనిషిని’ అనే తీర్మానాలు ఇక చాలు. నాలుగింటికి లేవడం, చక్కెర మానేయడం, రోజూ పది పేజీలు, ఫోన్ బంద్... అన్నీ ఒకే సోమవారం మొదలుపెడితే ఏది చెడిందో కూడా మీకు తెలియదు. ప్యాకేజీలో ఒక్కో ప్యాచ్‌కి ఒక్కో ఫైలు, ఒక్కో పేరు ఉంటాయి. పనిచేయకపోతే దాన్నొక్కదాన్నే తీసేస్తారు. ఈ వారం మీకూ ఒకటే ప్యాచ్. పేరు పెట్టండి: ‘రాత్రి పదిన్నరకు ఫోన్ హాల్లో’. పదిహేను రోజులు నడపండి. నిలిచాక రెండోది.

మీ లాప్‌టాప్‌ని నమ్మకండి

ఇది నాకు ఎదురుదెబ్బ తగిలి వచ్చిన పాఠం. 2022 డిసెంబరులో వచ్చిన క్యూఎమ్యూ 7.2ని నేను సొంతంగా ప్యాకేజ్ చేశాను. బిల్డ్ అయింది. దాని లోపల నడిచే గెస్ట్ మెషీన్ బూట్ అయింది. లోపల ఇంటర్నెట్ కూడా వచ్చింది. ధీమాగా ఒక మిత్రుడికి సోర్స్ ఇచ్చాను. అతను కొత్తగా వేసిన సిస్టమ్‌లో బిల్డ్ చేశాడు. ఒక్క ఎర్రర్ లేదు. గెస్ట్‌కి నెట్‌వర్క్ మాత్రం లేదు. ‘యూజర్’ నెట్‌వర్క్ బ్యాకెండ్ ఈ బైనరీలో కంపైల్ కాలేదని ఒకే ఒక్క లైను.

కారణం చిన్నది. గెస్ట్‌కి నెట్‌వర్క్ ఇచ్చే స్లిర్ప్ అనే లైబ్రరీని అప్‌స్ట్రీమ్ అంతకుముందు తన సోర్స్‌తోపాటే తెచ్చేది. 7.2లో తీసేసింది. ఇక బయటి నుంచి తెచ్చుకోవాలి. నా లాప్‌టాప్‌లో లిబ్‌స్లిర్ప్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ ఎప్పుడో వేసి ఉంది. అందుకే నాకు పనిచేసింది. కంట్రోల్ ఫైల్‌లో దాని పేరు రాయడం నేను మరిచాను. కాన్ఫిగర్ స్క్రిప్ట్ ఆ లైబ్రరీ కోసం వెతికింది. దొరక్కపోతే ఆ ఫీచర్‌ని చప్పుడు చేయకుండా ఆపేసి ముందుకు వెళ్లింది.

రెండు లైన్లలో సరిచేశాను. మొదటిది, బిల్డ్‌కి కావాల్సిన వాటి జాబితాలో లిబ్‌స్లిర్ప్. రెండోది, రూల్స్‌లో ‘ఎనేబుల్ స్లిర్ప్’ అనే ఆప్షన్. అది పెడితే లైబ్రరీ లేనప్పుడు బిల్డ్ అక్కడే ఆగి కేకపెడుతుంది. ఆనాటి నుంచి నా మెషీన్‌లో నేరుగా బిల్డ్ చేసి అయిపోయిందనుకోవడం మానేశాను. ఎస్‌బిల్డ్ వాడతాను. అది ప్రతిసారీ కొత్తగా ఖాళీ గదిలాంటి వ్యవస్థ తయారుచేసి, మీరు రాసిన వస్తువులే లోపల పెట్టి, అక్కడ బిల్డ్ చేసి, పని కాగానే ఆ గదిని చెరిపేస్తుంది.

మీ వంటింట్లో మీరు కళ్లు మూసుకుని సాంబారు పెట్టగలరు. వేరేవాళ్ల వంటింట్లో పెట్టండి. ఇంగువ ఎక్కడుందో వెతుక్కుంటారు. అసలు ఉందో లేదో తెలియదు. ఇంటర్వ్యూలో జరిగేదీ ఇదే. ఇంట్లో నోట్స్ ఉంది, గూగుల్ ఉంది, పక్కన ఫ్రెండ్ ఉన్నాడు. ‘నాకు వచ్చు’ అనుకున్నారు. అక్కడ అవేవీ లేవు.

కాబట్టి వారానికోసారి ఖాళీ గదిలో పరీక్ష పెట్టుకోండి. ట్యాబ్‌లు మూసేయండి. ఫోన్ పక్కగదిలో. తెల్ల కాగితం మీద ఆ వారం నేర్చుకున్నది మొదటి నుంచి రాయండి. పెన్ను ఎక్కడ ఆగిందో అక్కడ మీరు రాయని డిపెండెన్సీ ఉంది. దాని పేరు రాసుకోండి. అదే వచ్చేవారం సిలబస్.

తప్పు చప్పుడు చేసేలా ఏర్పాటు కూడా ఉండాలి. వాకింగ్ ఒక రోజు మానితే ఎవరికీ తెలియదు. మీక్కూడా పట్టదు. పార్కులో ఆరింటికి కలుస్తానని ఎదురింటి బాబాయికి చెప్పండి. రాకపోతే ఆయనే ఫోన్ చేస్తారు.

రోజుకు మూడు లైన్లు

డెబియన్ ఛేంజ్‌లాగ్‌లో ‘కొన్ని మార్పులు చేశాను’ అని రాస్తే ఒప్పుకోరు. ఏం మార్చారు, ఎందుకు మార్చారు, బగ్ ఏదైనా తీరితే అది ఏది... అన్నీ ఉండాలి. చివర పేరు, ఈమెయిల్, తేదీ. ఈమెయిల్‌కీ తేదీకీ మధ్య కచ్చితంగా రెండు ఖాళీలు. ఒకటి వదిలితే తప్పే! బగ్ నంబర్ సరిగ్గా రాస్తే ప్యాకేజీ ఆర్కైవ్‌లోకి చేరగానే ఆ బగ్ దానంతటదే క్లోజ్ అవుతుంది.

మీకూ ఒక నోట్‌బుక్ ఉండాలి. రాత్రి పడుకునే ముందు మూడు లైన్లు. ఇవాళ ఏం మార్చాను? ఎందుకు? ఏ సమస్య తీరింది? సంతకం, తేదీ. అప్రైజల్ రోజున ‘ఏడాదంతా ఏం చేశానబ్బా’ అని తల పట్టుకోరు.

విమర్శ గురించి ఒక్క మాటే. కొత్తవాళ్ల ప్యాకేజీని అనుభవమున్న డెబియన్ డెవలపర్ ఒకరు స్పాన్సర్‌గా చూసి, తప్పులు చెప్పాకే అప్‌లోడ్ చేస్తారు. అంతకన్నా ముందు లింటియన్ అనే టూల్ పదుల కొద్దీ లోపాలు చూపిస్తుంది. అవి మీ ప్యాకేజీ లోపాలు. మీ లోపాలని తీసుకోకండి. సరిచేయండి, మళ్లీ పంపండి.

ఈ వారమే మొదలు

‘నాకు ఇంత టెక్నికల్ నాలెడ్జ్ లేదు’ అంటారేమో. మొదటి రోజు అందరూ ఇలాగే ఉన్నారు. 2023 సెప్టెంబరులో డెబియన్ వార్షిక సమావేశం డెబ్‌కాన్ మన కొచ్చిలోనే జరిగింది. డెబియన్ అంటే ఎక్కడో దూరదేశంలో జరిగే పని కాదు.

ఇవాళ: డెబియన్‌ని ఒక వర్చువల్ మెషీన్‌లో వేసుకోండి. చెడితే చెరిపి మళ్లీ వేయొచ్చు.

రేపు: సోర్స్ లైన్లు ఆన్ చేసి ‘ఆప్ట్ సోర్స్ క్యూఎమ్యూ’ కొట్టండి. ‘డెబియన్’ ఫోల్డర్‌లోకి వెళ్లి ఛేంజ్‌లాగ్ తెరవండి. తొందర వద్దు, గంటసేపు చదవండి. ఒక్క సాఫ్ట్‌వేర్‌ని ఇన్నేళ్లుగా ఎలా చూసుకున్నారో కనిపిస్తుంది.

శనివారం: ‘డెవ్‌స్క్రిప్ట్స్’ ప్యాకేజీ వేసుకుని అందులోని ‘డబ్ల్యూఎన్‌పీపీ అలర్ట్’ కమాండ్ నడపండి. మీ మెషీన్‌లో ఉన్న ప్యాకేజీల్లో ఏవి దిక్కులేకుండా ఉన్నాయో, వేటికి సాయం కావాలో చెబుతుంది. అన్నిటికన్నా చిన్నదాన్ని ఎంచుకోండి. దాని మీద ఉన్న బగ్ ఒకటి తీసుకుని, మీ వర్చువల్ మెషీన్‌లో అది మళ్లీ వస్తుందో లేదో చూడండి. చూసింది చూసినట్టు రాసి పంపండి. కోడ్ ఒక్క లైను రాయనక్కర్లేదు.

ఆ బగ్ పెట్టిన మనిషి ఎవరో, ఏ దేశంలో ఉన్నారో మీకు తెలియదు. జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. శనివారం మీరు రాయండి.